2.4.1 బగ్‌ఫిక్స్ రిలీజ్: ఏవి లోపలికి, ఏవి బయటికి, ఎవరిది ఏ పని

మహేంద్రతనయ · పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. తెలుగు, ఒడియా, దేవనాగరి పాఠాలను అక్షరాలుగా విడగొట్టి, పోల్చే మన లైబ్రరీ 2.4.0 మీద వచ్చిన ఫిర్యాదులన్నీ చదివి ఏరిపెట్టాను. మెయిన్ బ్రాంచ్ ఇప్పటికే 2.5 దారి పట్టింది, అక్కణ్నించి నేరుగా రిలీజ్ కుదరదు. కాబట్టి 2.4.0 ట్యాగ్ మీద నుంచి 2.4.ఎక్స్ బ్రాంచ్ తీశాను. ఖాయంగా వెళ్లాల్సినవి మూడు కనిపిస్తున్నాయి.

మొదటిది, అక్షరాలను విడగొట్టే సీ ఫంక్షన్. పాఠం చివర జెడ్‌డబ్ల్యూఎన్‌జే (పొల్లును విడిగా చూపించడానికి వేసే కనబడని గుర్తు) ఉంటే, బఫర్ అయిపోయాక కూడా ఇంకొక స్థానం ముందుకు చదువుతోంది. చాలాసార్లు ఏమీ కాదు, ఒక్కోసారి ప్రాసెస్ మొత్తం పడిపోతోంది.

రెండోది ఒడియా డ, ఢ కింద చుక్క. చుక్కతో కలిపి ఒకే కోడ్‌పాయింట్‌గా (ఒకే యూనికోడ్ సంఖ్యగా) టైపు చేసిన అక్షరానికీ, డ తర్వాత చుక్క విడిగా టైపు చేసినదానికీ పోలిక తప్పుతోంది. 2.4.0లో వేగం కోసం పెట్టిన అడ్డదారి ఎడమవైపు మాటకే ఎన్‌ఎఫ్‌సీ (ఒకే అక్షరపు వేర్వేరు రాతలను ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతి) చేస్తోంది, కుడివైపు మాటను అలాగే వదిలేస్తోంది. ఈ రెండక్షరాలూ యూనికోడ్ కంపోజిషన్ మినహాయింపుల్లో ఉన్నవి. అంటే ఎన్‌ఎఫ్‌సీ చేస్తే కలవవు, విడిపోతాయి. ఒడియాలో 'ఒడిశా' అని రాస్తేనే ఈ అక్షరం వస్తుంది, ఇక వెతుకులాటలో ఎన్ని రికార్డులు జారిపోతాయో మీరే ఊహించుకోండి.

మూడోది పైథాన్ 3.13లో బిల్డ్ ఆగిపోవడం. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ప్రైవేట్ సీ ఏపీఐ ఫంక్షన్ ఒకటి వాడుతున్నాం, అది ఆ వెర్షన్లో లేదు.

బుధవారం రాత్రి లిస్టు మూసేద్దాం. గురువారం ఆర్‌సీ1 (రిలీజ్‌కు ముందు పరీక్ష కోసం ఇచ్చే ప్రతి). చేర్చాలన్నది ఏదైనా ఉంటే పీఆర్ (పుల్ రిక్వెస్ట్, అంటే కోడ్ మార్పు ప్రతిపాదన) నంబరు, కారణం రెండూ రాయండి. నంబరు లేని కోరికలు లిస్టులో ఎక్కవు.

నాగావళి · రాయగడ

యూనికోడ్ 15.1 విభజన నియమం కూడా దీంట్లోనే పెట్టీవచ్చు కదండీ. పీఆర్ మెయిన్‌లో కలిసిపోయి ఉంది, రివ్యూ కూడా అయిపోనాది. 'క్ష'ని ఇప్పటికీ రెండు ముక్కలుగా లెక్కపెడుతున్నాం. చదివేవాడికి అది ఒకటే అక్షరం. దాన్ని రెండనడం బగ్ కాకపోతే ఇంకేటి?

సిరొంచ_సంగమం · సిరొంచ

నాగావళి అన్నా, వద్దే వద్దు. కోరిక మంచిదే, ఈ రిలీజ్‌ల మాత్రం కుదరది.

ఆ నియమం 2023 సెప్టెంబర్‌ల 15.1తోని వచ్చింది. హల్లు, విరామం (పొల్లు గుర్తు), హల్లు వరుసను తెంపొద్దు అంటది. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం, ఈ ఆరు లిపులకే వర్తిస్తది. కన్నడకు లేదు. అంటే మన మూడు లిపుల్లోనూ లెక్క ఒక్కసారే మారుతది. ఎవరో ఒకాయన పేరుల మొదటి పన్నెండు ముక్కలు కోసి రసీదు మీద అచ్చు వేస్తుంటడు. ఇంకొకాయన ఎడిటర్‌ల కర్సర్ స్థానాలు డేటాబేస్‌ల దాచుకుంటడు. 2.4.0ల ఏడో ముక్క 2.4.1ల ఐదోది అయితే ఆ దాచినయన్నీ తప్పు జాగల చూపిస్తయి. ఎర్రర్ కూడా రాదు, అదే అసలు ప్రమాదం.

ఇంకోటి. వాడేవాళ్లు డిపెండెన్సీల '~=2.4.0' అని రాసుకున్నరంటే, 2.4 వరుసల బగ్‌ఫిక్స్‌లు మాత్రం కావాలె, వేరేది వద్దు అని మనకు చెప్పినట్టు. అట్ల రాసినోళ్ల మిషన్లకు రేపు పొద్దున ఎవరూ అడుగకుండనే ఇది పోయి కూర్చుంటది.

నాగావళి · రాయగడ

సరే, నేరుగా వద్దు. ఒక ఆప్షన్ పెట్టి, డీఫాల్ట్‌గా ఆఫ్ చేసి ఇస్తే? అడిగినవాడికే కొత్త లెక్క వస్తుంది, మిగతావాళ్లకి ఏటీ మారదు.

ధర్మాబాద్_మిర్చి · ధర్మాబాద్

ఆప్షన్ అంటేనే కొత్త ఏపీఐ. ఇయ్యాల 2.4.1ల ఇస్తే, రేపు ఒకాయన ఆ ఆప్షన్ వాడి కోడ్ రాసి '2.4 ఉంటే చాలు' అని డిపెండెన్సీ పెడ్తడు. 2.4.0 ఉన్న మిషన్ మీద అది టైప్‌ఎర్రర్ ఇస్తది. మధ్య అంకె పెంచేది ఇటువంటి వాటికోసమే.

ఇక బగ్గా కాదా అన్న సంగతి. మన డాక్యుమెంటేషన్‌ల 'యూనికోడ్ 15.0 ప్రకారం విభజిస్తుంది' అని సాఫ్ రాసి ఉంది. రాసినట్టే పనిచేస్తున్నది బగ్ ఎట్లయితది? మన మనసుకు నచ్చకపోవచ్చు, అది వేరే. 2.5.0ల మొదటి వరుసల పెడదాం.

మహేంద్రతనయ · పర్లాకిమిడి

ధర్మాబాద్ గారి కొలబద్ద బాగుంది, దాన్నే అందరం పట్టుకుందాం: రాసినదానికి విరుద్ధంగా నడిస్తే బగ్. విభజన నియమం 2.5.0కి వెళ్లింది, లేబుల్ మార్చాను.

కిన్వట్_అడవి · కిన్వట్

గా కొలబద్దకు మాది సరిపోతది, చూడుండ్రి. మరాఠీల 'ర' కింద చుక్క, దాని తర్వాత విరామం వస్తయి. 'దర్యా' అసొంటి మాటల్ల అర్ధ రకారం కనురెప్ప లెక్క కనబడాలంటే గట్లనే టైపు చేస్తరు. ర, చుక్క, విరామం మూడూ ఒకే ముక్కల ఉండాలె. 15.0 అయినా, 15.1 అయినా ఇందుల తేడా లేదు. మనది చుక్క కాడ తెంపి విరామాన్ని ఒంటరిగ వదిలేస్తున్నది. పీఆర్ 612. కాకపోతే ఇది 2.3ల కూడా ఉన్న పాత బగ్గు, రిగ్రెషన్ కాదు. తీసుకుంటరా?

వంశధార · గుణుపురం

పాతదైనా పరవాలేదు. చూడాల్సింది రెండే: మార్పు చిన్నదా, దాన్ని వేరుగా నిలబెట్టి చదవగలమా. లైనక్స్ స్టేబుల్ వాళ్లు చుట్టూ ఉన్న సందర్భపు వరుసలతో కలిపి వంద లైన్లు దాటిన ప్యాచ్ తీసుకోమని నియమం పెట్టుకున్నారు. మనకు అంత కఠినం అక్కర్లేదు గానీ, ఆ లెక్క మనసులో ఉంచుకోవాలి. 612 చూశాను. అసలు ఫిక్స్ నాలుగు లైన్లే. మిగతాదంతా ఫంక్షన్ పేర్లు మార్చడం, ఇండెంటేషన్ సర్దడం. కిన్వట్ తమ్ముడూ, దయచేసి దాన్ని రెండు కమిట్లుగా చీల్చు. ఫిక్స్, దాని టెస్ట్ ఒకటి. శుభ్రం చేయడం ఇంకొకటి, అది మెయిన్‌లోనే ఉంటుంది.

ఇక అందరికీ, బ్యాక్‌పోర్ట్ పద్ధతి. ఏ ఫిక్సయినా ముందు మెయిన్‌లో కలవాలి, ఆ తర్వాతే 2.4.ఎక్స్‌లోకి రావాలి. తిరగేసి చేస్తే 2.5.0లో అదే బగ్ మళ్లీ మొలుస్తుంది, జనం 2.4.1లో పోయిందనుకున్నది 2.5లో చూసి మనల్ని తిడతారు. తెచ్చేటప్పుడు 'గిట్ చెర్రీ-పిక్ -ఎక్స్' వాడండి. ఆ ఎక్స్ వల్ల కమిట్ సందేశం అడుగున అసలు కమిట్ గుర్తు రాసి ఉంటుంది, ఆరు నెలల తర్వాత ఎక్కణ్నించి వచ్చిందో వెతుక్కోనక్కర్లేదు. మెర్జ్ కమిట్‌ను తెస్తుంటే '-ఎమ్ 1' కూడా ఇవ్వాలి, లేకపోతే గిట్ ఒప్పుకోదు.

ఏది వచ్చింది, ఏది మిగిలింది అన్నదానికి లేబుళ్లను నమ్మకండి. 'గిట్ లాగ్ --చెర్రీ-పిక్ --రైట్-ఓన్లీ --నో-మెర్జెస్ 2.4.ఎక్స్...మెయిన్' అని మూడు చుక్కలతో అడిగితే, ఒకే మార్పు రెండు చోట్లా ఉన్నవాటిని తీసేసి, మెయిన్‌లో మాత్రమే ఉన్నవి చూపిస్తుంది. ఒక చిక్కుంది: తెచ్చేటప్పుడు కాన్‌ఫ్లిక్ట్ సర్ది ఉంటే ప్యాచ్ మారిపోతుంది కాబట్టి దాన్ని 'రాలేదు' అనే చూపిస్తుంది. అలాంటివి చేత్తో చూసుకోవాలి.

టెస్ట్ ఎలాంటిదై ఉండాలంటే, 2.4.0 ట్యాగ్ మీద నడిపితే ఓడిపోవాలి, ఫిక్స్ పెట్టాక నెగ్గాలి. రెండు చోట్లా నెగ్గే టెస్ట్ దేన్నీ కాపలా కాయదు. మొదటి బగ్‌కి అడ్రస్ శానిటైజర్ (మెమరీ హద్దు దాటితే పట్టుకునే పనిముట్టు) పెట్టి బిల్డ్ చేసి నడపండి. మామూలు బిల్డ్‌లో బఫర్ అవతల ఏదో చెల్లే మెమరీ ఉండి టెస్ట్ నెగ్గేస్తుంది.

కిన్వట్_అడవి · కిన్వట్

చీల్చిన. 612ల ఫిక్స్, 615ల మిగిలింది. అయితే సీఐల (టెస్టులు, బిల్డులు దానంతటదే నడిపే ఏర్పాటు) పైథాన్ 3.9, 3.10 మీద ఒక టెస్ట్ ఓడిపోతున్నది. అదే కోడ్ 3.11 నుంచి మంచిగనే ఉంది.

వంశధార · గుణుపురం

తెలుగు చుక్కతో రాసిన టెస్టే కదా. తెలుగు నుక్తా యూనికోడ్ 14లో వచ్చింది, 2021లో. 3.10 దాకా పైథాన్ లోపలున్న యూనికోడ్ డేటా 13.0, 3.11లో 14.0 అయింది. పాతవాటికి ఆ కోడ్‌పాయింట్ ఖాళీ గది. పాత పైథాన్ దానికి కంబైనింగ్ క్లాస్ (గుర్తుల వరుసను నిర్ణయించే అంకె) సున్నా అనుకుంటుంది, అందుకే పక్క గుర్తులతో వరుస సర్దదు. యూనికోడ్ డేటా వెర్షన్ చూసి 14 కంటే తక్కువైతే టెస్ట్ దాటవేయమని రాయి, కారణం కూడా అక్కడే ఒక లైను రాయి. దేవనాగరి టెస్టులు మాత్రం అన్నిటి మీదా నడవాలి.

నాగావళి · రాయగడ

3.9 మాటొచ్చింది గాబట్టి అడుగుతున్నాను. దాని గడువు 2025 అక్టోబర్‌తో తీరిపోనాది. ఈ రిలీజ్‌లోనే తీసీస్తే సీఐ తేలికవుతుంది కదా?

బరంపురం_పట్టు · బరంపురం

బగ్‌ఫిక్స్ రిలీజ్‌లో పైథాన్ వెర్షన్ తీసేస్తే ఏమవుతుందో చూడండి. రిక్వైర్స్-పైథాన్ '>=3.10' అని మారుస్తాం. 3.9 ఉన్న మిషన్ మీద పిప్ (పైథాన్ ప్యాకేజీలు దించి పెట్టే పనిముట్టు) 2.4.1ని పక్కన పెట్టి, తనకు సరిపడే ఆఖరిది తీసుకుంటుంది. అది 2.4.0, ప్రాసెస్ పడగొట్టే బగ్ ఉన్నది. ఎవరికి ఫిక్స్ అందాలో వాళ్లకే అందకుండా చేసినట్టు. తీయడం 2.5.0లో.

అదే చోట ఇంకో ముఖ్యమైన సంగతి: అప్‌లోడ్ వరుస. ముందు వీల్స్ (ముందే కంపైల్ చేసి పెట్టిన ప్యాకేజీలు) అన్నీ ఎక్కాలి, సోర్స్ ఆర్కైవ్ ఆఖర్న. 2.4.1 పేరుతో సోర్స్ ఒక్కటే పైపీఐలో (పైథాన్ ప్యాకేజీల భాండాగారంలో) కనిపించిందనుకోండి, పిప్‌కి వీల్ ఉన్న 2.4.0 కంటే పై అంకె ఉన్న 2.4.1 ముఖ్యం. సోర్స్ దించి అక్కడికక్కడే కంపైల్ చేయబోతుంది. కంపైలర్ లేని మిషన్లన్నీ, ముఖ్యంగా చిన్న డాకర్ ఇమేజీలు, ఆ కాసేపట్లోనే ఎర్రర్లు కక్కుతాయి. మనకు ఇష్యూలు వరదలా వస్తాయి, అరగంటకు వాటంతటవే నయమైపోతాయి, కారణం ఎవరికీ దొరకదు.

వీల్స్ విషయంలో 2.4.0కి ఏవి ఇచ్చామో అవన్నీ ఉండాలి, ఒక్కటీ తగ్గకూడదు. లైనక్స్‌కి మ్యానీలైనక్స్2014, అంటే జీలిబ్‌సీ (లైనక్స్‌లోని సీ లైబ్రరీ) 2.17 నుంచి నడిచేవి. ఆల్పైన్ వాళ్లకు మజల్‌లైనక్స్ వేరుగా. బిల్డ్ ఇమేజ్‌ని ఈ రిలీజ్‌లో కొత్తదానికి మార్చకండి. 3.13 వీల్స్ కలుస్తాయి. అది కొత్త సపోర్ట్ అనిపించవచ్చు గానీ, పాతవాళ్లకు ఏదీ మార్చదు కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

పైపీఐలో ఒకసారి వాడిన ఫైలు పేరు డిలీట్ చేసినా తిరిగి రాదు. 2.4.1 వీల్ పాడైతే అదే పేరుతో బాగుచేసి ఎక్కించలేం, 2.4.2 చేయాల్సిందే. అందుకే ముందు టెస్ట్‌పైపీఐ, ఆపైన ఆర్‌సీ. '--ప్రీ' అని అడిగితే తప్ప పిప్ మామూలుగా ఆర్‌సీని తీసుకోదు, కాబట్టి భయం లేకుండా ఎక్కించవచ్చు.

వెర్షన్ అంకె ట్యాగ్ నుంచి వస్తోంది కదా, సీఐలో చెకౌట్ లోతు డీఫాల్ట్‌గా 1 ఉంటుంది, ట్యాగులు రావు. అప్పుడు వెర్షన్ '0.1.డెవ్' ఏదో అయి ప్లస్ గుర్తుతో తోక వస్తుంది, పైపీఐ దాన్ని తిప్పికొడుతుంది. 'ఫెచ్-డెప్త్: 0' అని ఉందో లేదో 2.4.ఎక్స్ బ్రాంచ్‌లోని ఫైల్లో చూడండి, మెయిన్‌లో కాదు. మెయిన్‌లో సర్దింది పాత బ్రాంచ్‌కి దానంతట అది రాదు.

సిరొంచ_సంగమం · సిరొంచ

మొదటి బగ్గు సంగతి ఎవ్వరు ఎత్తుతలేరు. బఫర్ దాటి చదువుడంటే భద్రత సమస్య కాదా? బయటి నుంచి వచ్చిన పాఠాన్ని మన లైబ్రరీకి ఇచ్చే సర్వర్ ఉంటే, ఎవడైనా ఒక్క మెసేజ్ పంపి దాన్ని పడగొట్టొచ్చు. తెలుగోళ్లకు ఇది కొత్త ముచ్చట కూడా కాదు. 2018 ఫిబ్రవరిల 'జ్ఞా' నడుమ జెడ్‌డబ్ల్యూఎన్‌జే ఉన్న వరుస వస్తే ఐఫోన్ల యాప్‌లు పడిపోయినయి. ఆపిల్ దానికోసమే ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చింది.

మహేంద్రతనయ · పర్లాకిమిడి

నిజమే. ఇష్యూ ముందే బహిరంగంగా ఉంది, ఫిక్స్ కమిట్ మెయిన్‌లో అందరికీ కనిపిస్తోంది. కాబట్టి రహస్యంగా ఉంచడంలో అర్థం లేదు. బఫర్ దాటి రాయడం కాదు, చదవడం మాత్రమే కాబట్టి తీవ్రత మధ్యస్తం అనుకుంటున్నాను. గిట్‌హబ్‌లో సెక్యూరిటీ అడ్వైజరీ ముసాయిదా తెరిచి అక్కణ్నుంచే సీవీఈ (భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) అడుగుతాను. పడగొట్టే పూర్తి వరుసను మాత్రం 2.4.1 వచ్చేదాకా ఎక్కడా అతికించకండి. ఇష్యూలో ఒకరు పెట్టిన నమూనా తీసేశాను.

ధర్మాబాద్_మిర్చి · ధర్మాబాద్

గట్లయితే ఆర్‌సీ ఎందుకు, ఇయ్యాలనే ఇచ్చేస్తే?

వంశధార · గుణుపురం

జావా లాగింగ్ లైబ్రరీ లాగ్‌ఫోర్‌జే భద్రతా లోపం గుర్తు తెచ్చుకోండి. 2021 డిసెంబర్‌లో 2.15.0 ఇచ్చారు, ఆ ఫిక్స్ పూర్తిగా లేదని తేలి 2.16.0, సర్వీసు ఆపగలిగే లోపం బయటపడి 2.17.0, మరొకదానికి 2.17.1. వాళ్లకు ఆగే వీలు లేదు, దాడులు అప్పటికే నడుస్తున్నాయి. మన దగ్గర అలాంటి ఆనవాళ్లు లేవు. నాలుగు రోజులు ఆర్‌సీ ఉంచితే పోయేదేమీ లేదు. అయితే ఒకటి చేయాలి: అదే ఫైల్లో బఫర్ చివర చూడకుండా ముందుకు చదివే చోట్లు ఇంకా ఉన్నాయేమో ఇప్పుడే వెతకాలి. ఒకటి దొరికిన చోట రెండోది ఉండటం మామూలే. జెడ్‌డబ్ల్యూజే (అక్షరాలను కలిపి చూపించడానికి వేసే కనబడని గుర్తు) కోసం రాసిన కొమ్మ నాకు అనుమానంగా ఉంది.

సిరొంచ_సంగమం · సిరొంచ

ఉంది. విరామం తర్వాత జెడ్‌డబ్ల్యూజే వచ్చి అక్కడే పాఠం అయిపోతే అదే తప్పు. పీఆర్ 618, రెండు లైన్లు. శానిటైజర్ బిల్డ్ పట్టుకున్నది, మామూలు బిల్డ్ పట్టుకోలే.

ధర్మాబాద్_మిర్చి · ధర్మాబాద్

సరే, ఆర్‌సీకి ఒప్పుకున్న. నోడ్ పోర్ట్ (మన లైబ్రరీ జావాస్క్రిప్ట్ రూపం) సంగతి నేను చూసుకుంట. అక్కడ 1.9 వరుసకు కూడా ఈ ఫిక్స్ పోవాలె, దాని మీద ఇంకా చాలామంది ఉన్నరు. ఎన్‌పీఎమ్‌ల (నోడ్ ప్యాకేజీల భాండాగారంల) పాత వరుసకు రిలీజ్ ఇచ్చేటప్పుడు ట్యాగ్ పేరు చెప్పకపోతే అది 'లేటెస్ట్' కిందనే పడ్తది. 2.4 ఉండంగ 1.9.8 లేటెస్ట్ అయి కూసుంటది, కొత్తగ ఇన్‌స్టాల్ చేసినోళ్లందరికీ పాతదే పోతది. కొత్త ఎన్‌పీఎమ్ దీన్ని ఆపుతది గానీ, సీఐల ఉన్నది ఏ వెర్షనో అని నమ్ముకుంట కూసోలేం. 'ఎన్‌పీఎమ్ పబ్లిష్ --ట్యాగ్ వీ1-లేటెస్ట్' అని స్క్రిప్ట్‌లనే రాసిన.

బరంపురం_పట్టు · బరంపురం

ప్రచురణ ఎవరి ల్యాప్‌టాప్ నుంచీ వద్దు, సీఐ నుంచే. పైపీఐ ట్రస్టెడ్ పబ్లిషింగ్ 2023 నుంచి ఉంది, దాచుకోవాల్సిన టోకెన్ అంటూ ఉండదు. పైగా వానాకాలం, సిరొంచలోనూ గుణుపురంలోనూ కరెంటు, నెట్ ఎప్పుడు పోతాయో తెలియదు. సగం వీల్స్ ఎక్కి మిగతావి ఆగితే ఎలా ఉంటుందో పైన రాశాను. ఆమోదం ఇద్దరిది ఉండాలి, ట్యాగ్ వేసినవారు కాక వేరొకరు బటన్ నొక్కాలి.

సోర్స్ ఆర్కైవ్‌ని విప్పి గిట్ ట్యాగ్‌తో పోల్చే అడుగు కూడా కలిపాను. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్) వ్యవహారంలో దొంగదారిని నడిపించే ఎం4 అనే రకం బిల్డ్ ఫైలు రిలీజ్ ఆర్కైవ్‌లోనే ఉంది, గిట్‌లో లేదు. 5.6.0, 5.6.1 రెండిట్లోనూ అంతే.

రోజు విషయానికొస్తే, రథయాత్ర వారంలో నేనూ, పర్లాకిమిడి వారూ దొరకం. పోలా (ఎద్దుల పండుగ) నాడు మహారాష్ట్ర వైపు వాళ్లు దొరకరు, ఆ వెనకే వినాయక చవితి. రిలీజ్ అయ్యాక రెండు రోజులు ఇష్యూలు చూసేవాళ్లు ఉండాలి కాబట్టి శుక్రవారం కూడా వద్దు. వచ్చే మంగళవారం పొద్దున అందరికీ కుదురుతుంది.

మహేంద్రతనయ · పర్లాకిమిడి

మంగళవారం ఖాయం. లిస్టు మూశాను. ట్యాగ్ నాది, సంతకంతో. ఆమోదం బరంపురం గారిది. ఒడియా పోలికల పరీక్ష నాగావళి గారు, దేవనాగరి కిన్వట్. ట్యాగ్ వేశాక ఏం జరిగినా దాన్ని కదపం, తప్పు ఉంటే 2.4.2.

ఛేంజ్‌లాగ్ గురించి ఒక మాట. 'ఒడియా బగ్ సరిచేశాం' అని రాసింది మార్చాను. ఇప్పుడిలా ఉంది: '2.4.0లో ఒడియా చుక్క డ, ఢ ఉన్న మాటల పోలిక కుడివైపు మాటకు ఎన్‌ఎఫ్‌సీ చేయకపోవడం వల్ల తప్పేది. 2.3 వరుసకు ఈ సమస్య లేదు. 2.4.0తో తయారుచేసి దాచిన సూచీలు ఉంటే మళ్లీ కట్టుకోండి.' ఆ ఆఖరి వాక్యం కోసమే జనం ఛేంజ్‌లాగ్ తెరుస్తారు.

నాగావళి · రాయగడ

ఆర్‌సీ1 చూశాను. ఒడియా పోలికలు అన్నీ సరిగా ఉన్నాయి, ఒకే మాటని రెండు రకాలుగా టైపు చేసి రెండు వైపులా తిప్పి చూశాను. విండోస్ మీద మాత్రం టెస్టులు మొదలవకుండానే పడిపోతున్నాయండి. నమూనా ఫైలు చదివే చోట డీకోడ్ ఎర్రర్.

బరంపురం_పట్టు · బరంపురం

కొత్త టెస్ట్‌లో ఓపెన్‌కి ఎన్‌కోడింగ్ ఇవ్వలేదు. విండోస్‌లో పైథాన్ అక్కడి కోడ్‌పేజీ తీసుకుంటుంది, యూటీఎఫ్-8 కాదు. మన సీఐలో విండోస్ జాబ్‌కి యూటీఎఫ్-8 మోడ్ పెట్టి ఉంది, అందుకే అక్కడ కనబడలేదు. 'ఎన్‌కోడింగ్=యూటీఎఫ్-8' రాస్తే చాలు. ఆ మోడ్‌ని కూడా సీఐలోంచి తీసేయాలి, వాడేవాళ్ల మిషన్‌లో అది ఉండదు.

సిరొంచ_సంగమం · సిరొంచ

టెస్ట్ మారింది కాబట్టి ఆర్‌సీ2 కావాల్నా?

వంశధార · గుణుపురం

అక్కర్లేదు. వీల్‌లోకి వెళ్లే ఒక్క ఫైలూ మారలేదు. కానీ సోర్స్ ఆర్కైవ్‌లో టెస్టులు ఉంటాయి, డిస్ట్రోల వాళ్లు వాటిని నడిపే ప్యాకేజీ కడతారు. అందుకని ఫిక్స్ 2.4.1లోనే ఉండాలి, తర్వాత చూద్దాం అనకూడదు. లైబ్రరీ కోడ్‌లో ఒక్క లైను మారినా ఆర్‌సీ2 అడిగేవాణ్ని.

మహేంద్రతనయ · పర్లాకిమిడి

ఎన్‌కోడింగ్ మార్పు మెయిన్‌లో కలిపి, 2.4.ఎక్స్‌కి తెచ్చాను. సీఐలో ఆ మోడ్ తీశాను, విండోస్ పచ్చగానే ఉంది. మంగళవారం తొమ్మిదింటికి ట్యాగ్. వీల్స్ అన్నీ కనబడ్డాక బరంపురం గారు సోర్స్ వదులుతారు, దాని తర్వాతే అడ్వైజరీ బహిరంగం చేస్తాను. 2.4.1 ఛేంజ్‌లాగ్‌ని మెయిన్‌కి తేవడం ధర్మాబాద్ గారు చూసుకోండి.

ధర్మాబాద్_మిర్చి · ధర్మాబాద్

చూసుకుంట. 1.9.8 కూడా అదే గంటల పోతది.